మూడు కోతల రొట్టె

అనగనగా పొన్నకోట అనే రాజ్యం. దాన్ని కీర్తిధరుడనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రచండవర్మకి పులంటే భయం లేదు. రెండోవాడు ఉదగ్రవర్మకి ఏనుగంటే భయం లేదు. మూడోవాడు సౌమ్యవర్మ సంగతి మాత్రం అడక్కండి పిల్లలూ, పిల్లి తుమ్మినా ఉలిక్కిపడేవాడు. గుర్రం ఎక్కేముందు గుర్రానికి దణ్ణం పెట్టేవాడు. కత్తి చేతికిస్తే మొన ఎటుందో మూడుసార్లు చూసుకునేవాడు. సభలో పెద్దలంతా మీసాల చాటున నవ్వుకునేవారు.

ఒకనాడు నిండుసభలోకి కిటికీగుండా పొగ వచ్చింది. వంటింటి పొగ కాదు, నల్లటి పొగ. అది సింహాసనం ముందు సుడి తిరిగి జడలు కట్టిన తలకాయంత అయింది. అందులోంచి గొంతు వినపడింది.

“కీర్తిధరా, నేను ధూమజటుణ్ణి. ఏడు సముద్రాల అవతల ఉంటాను. ఏటేటా ఆషాఢ అమావాస్యనాటి మధ్యాహ్నం మా అక్కలు నా ఇంటికి భోజనానికి వస్తారు. వాళ్ళకి రొట్టె కోసి వడ్డించడానికి ఒక రాచబిడ్డ కావాలి. సరిగ్గా వడ్డిస్తే నీ ఊరి జోలికి రాను. తప్పితే మరుసటేడు ఇంకొకణ్ణి పంపు. నీకు ముగ్గురు కొడుకులు కదా, మూడేళ్ళు చూస్తాను. మూడోవాడు కూడా తప్పాడా, మా అక్కలే నీ ఊరికి భోజనానికి వస్తారు. అప్పుడు తినేది రొట్టె కాదు.”

పెద్దవాడు పకపకా నవ్వాడు. “రొట్టె కోయడానికా ఇంత పొగ?” అని బయల్దేరాడు. ఏడాది గడిచింది. రాలేదు. రెండోవాడు నవ్వలేదు గానీ మీసం మెలేశాడు. “అన్నయ్యని వెంటబెట్టుకుని వస్తాను” అని బయల్దేరాడు. ఏడాది గడిచింది. వాడూ రాలేదు.

మూడో ఏడు వచ్చింది. రాజు చిన్నకొడుకుని పొమ్మనలేదు, ఉండమననూ లేదు. రోజూ వాడి ముఖం చూసి తల తిప్పుకునేవాడు. సౌమ్యవర్మకి తిండి సహించడం మానేసింది. కోటగోడ మీద నిలబడి కింద వీధిలోకి చూసేవాడు. సున్నం గంపలు మోసే ఆడవాళ్ళు, తొక్కుడుబిళ్ళ ఆడుకునే పిల్లలు, అరుగు మీద కునుకు తీసే ముసలివాళ్ళు కనిపించేవారు. ‘తినేది రొట్టె కాదు’ అన్న మాట గుర్తొచ్చి గోడ దిగిపోయేవాడు.

చివరికి ఒకరోజు తండ్రి దగ్గరికి వెళ్ళి, “నాన్నగారూ, నేను బయల్దేరుతాను” అన్నాడు.

“భయం వేయడం లేదా నాయనా?” అన్నాడు రాజు.

“వేస్తోందండీ. వెళ్ళకపోతే ఇంకా ఎక్కువ వేస్తుంది.”

రాజు వాణ్ణి దగ్గరికి తీసుకుని ఏడ్చాడు. కొడుకు ఒణుకు ఆయన చేతులకి తెలుస్తూనే ఉంది.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉండేది. దాని డిప్ప పల్లకీ అంత ఉండేది. అది సౌమ్యవర్మని చూసి, “ఎక్కు బాబూ. మీ అన్నలిద్దరినీ నేనే దాటించాను. పెద్దాయన తొందరగా పొమ్మని తన్నాడు. రెండో ఆయన నిలబడి కత్తి తిప్పాడు, ఇద్దరం మునగబోయాం. నీకు భయమా?” అంది.

“చాలా భయం” అన్నాడు సౌమ్యవర్మ.

“మంచిదే. భయపడేవాళ్ళు కదలకుండా కూర్చుంటారు, మోయడం తేలిక.”

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటారు, అక్కడ వాడు ముక్కు మూసుకున్నాడు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం దాటారు. ప్రతి సముద్రంలోనూ వాడు కళ్ళు మూసుకుని, ‘ఇక్కడ మునిగిపోతాను’ అనుకున్నాడు. ప్రతిసారీ మునగలేదు. అయినా తర్వాతి సముద్రంలో మళ్ళీ అలాగే అనుకున్నాడు. భయానికి లెక్కలు రావు పిల్లలూ, ఎన్నిసార్లు తప్పినా మళ్ళీ మొదటి నుంచీ చెబుతుంది.

ఒడ్డున దించి తాబేలు చెప్పింది. “ఇక్కడ పిట్ట కూడా కూయదు. ఒకే ఒక చిలక ఉంది. అది ధూమజట మాంత్రికుడి ప్రాణం. బంగారు పంజరంలో, గుమ్మం మీద ఎత్తుగా, ఎవరి చెయ్యీ అందనంత దూరంలో ఉంటుంది. ఇంతకు మించి నాకు తెలీదు. ఇక్కడే ఉంటాను. నువ్వు రాకపోతే ఎల్లుండి వెళ్ళిపోతాను.”

మాంత్రికుడి ఇంటి ముందర పెద్ద వాకిలి. వాకిలి నిండా రాతి మనుషులు. ఒకడు వంగి ఉన్నాడు, కుడిచెయ్యి దేన్నో పట్టుకుని కోస్తున్నట్టు గాల్లో ఆగిపోయింది. పెదవుల మీద నాచు పట్టింది. అది ప్రచండవర్మ. ఇంకొకడు నోరు తెరిచి పైకి చూస్తున్నాడు, కళ్ళు వెడల్పుగా ఉన్నాయి. అది ఉదగ్రవర్మ. పులికి భయపడని అన్న, ఏనుగుకి భయపడని అన్న, ఇద్దరూ ఎండకి కాలి వానకి తడిసి నిలబడి ఉన్నారు. సౌమ్యవర్మ ఇద్దరి కాళ్ళూ పట్టుకున్నాడు. చల్లగా తగిలాయి. వాడికి గట్టిగా ఏడవాలనిపించింది గానీ ఎవరైనా వింటారేమోనని లోపలే ఏడ్చాడు.

“ఎవరది? ఇటు రండి, త్వరగా” అని ఒక ఆడగొంతు పిలిచింది.

వంటింటి గడపలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతులకి సజ్జపిండి, నుదుటి మీద చెమట. ఆమె పేరు వకుళ. మరో రాజు కూతురు. నాలుగేళ్ళ కిందట వడ్డించడానికే వచ్చిందట. రొట్టె బాగా కాలుస్తుందని మాంత్రికుడు ఆమెని వంటింట్లోనే కట్టిపడేశాడు. ఆమె ఊరి వంతు ఇంకెవరో తీర్చారు, ఆ ఎవరో కూడా వాకిట్లోనే ఉన్నాడు.

“మీరు మూడోవారా?” అంది వకుళ.

“అవును. మా అన్నలకి ఏమైంది?”

“చెబుతాను, కూర్చోండి.” ఆమె పొయ్యి మీద పెనం చూపించింది. పెనం కాదు, పొడుగాటి ఇనప తొట్టి. అందులో బెల్లం, కొబ్బరి కలిపిన సజ్జరొట్టె కాలుతోంది. “ఈ రొట్టె పొడవు సరిగ్గా పన్నెండు బెత్తెలు, బెత్తెకి నాలుగు వేళ్ళ వెడల్పు. రేపు మధ్యాహ్నం అక్కలు ముగ్గురు వస్తారు. ఒక్కోసారి చిలక కూడా వాళ్ళ పంక్తిలో కూర్చుంటుంది. అది మాంత్రికుడికీ అక్కలకీ ఉన్న ఒప్పందం. చిలక వస్తుందో రాదో ముందుగా ఎవరికీ తెలీదు. కానీ వాళ్ళు కూర్చునేలోపు రొట్టె కోసి ఉంచాలి. తర్వాత కత్తి ముట్టకూడదు, చేత్తో విరవకూడదు. ముగ్గురొచ్చినా నలుగురొచ్చినా అందరికీ సమానంగా రావాలి, ముక్క మిగలకూడదు.”

“ఇంతేనా?” అన్నాడు సౌమ్యవర్మ. “పన్నెండు ముక్కలు చేస్తే సరి.”

“మీ పెద్దన్నగారూ ఇదే మాట అన్నారు.” వకుళ గొంతు తగ్గించింది. “ఆ రొట్టెని మాంత్రికుడి కత్తితోనే కోయాలి. ఒక కోత కోస్తే కోసినవాళ్ళు మోకాళ్ళ దాకా రాయవుతారు. రెండో కోతకి నడుము దాకా. మూడో కోతకి రొమ్ము దాకా. నాలుగో కోతకి గొంతు, ఎడమ చెయ్యి. అయిదో కోతకి నిలువెల్లా. అందుకే వాడు తన చేత్తో కోయడు. పన్నెండు ముక్కలకి పదకొండు కోతలు కావాలి. మీ అన్నగారు చకచకా అయిదు కోసి, ఆరోది కోయబోతూ అలా ఉండిపోయారు.”

“మరి ఉదగ్రన్నయ్య?”

“చిలక రాదని పందెం వేసుకున్నట్టు రెండే కోతలు కోశారు, ముగ్గురికి సరిపడా. ధైర్యంగా నిలబడ్డారు. చిలక వచ్చింది. అక్కలు ముగ్గురూ ఒకేసారి ఆయన మీద ఊదారు, అంతే, నిలువునా రాయి.”

“దారి లేదా?” అన్నాడు సౌమ్యవర్మ.

వకుళ నేల మీద బొగ్గుతో గీత గీసింది. “ముగ్గురికైతే నాలుగో బెత్తె దగ్గర, ఎనిమిదో బెత్తె దగ్గర కోయాలి. నలుగురికైతే మూడు, ఆరు, తొమ్మిది దగ్గర. రెండూ కలిపితే అయిదు కోతలు. ఆరు ముక్కలు. ముగ్గురొచ్చినా సరిపోతుంది, నలుగురొచ్చినా సరిపోతుంది. వడ్డన నేను చూసుకుంటాను, మీ ఊరు బతుకుతుంది.” ఆమె తలెత్తలేదు. “మీరే బతకరు. ఇంతకంటే తగ్గించడం నా వల్ల కాలేదు. నాలుగేళ్ళుగా గీస్తున్నాను.”

అయిదు కోతలు. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఒక చేతికి ఎన్ని వేళ్ళున్నాయో అన్ని. ఊళ్ళో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలు గుర్తొచ్చారు. “సరే” అన్నాడు. అన్నాక చాలాసేపు పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం అయింది. ధూమజటుడు వచ్చాడు. పొగ కాదు, ఈసారి మనిషే. తాటిచెట్టంత పొడుగు, నడుం దాకా జడలు, గోళ్ళ కింద మసి. బల్ల మీద రొట్టె పెట్టించి, సౌమ్యవర్మ చేతికి కత్తి ఇచ్చాడు.

“ఒణుకుతున్నావేంరా? మీ అన్నలు ఒణకలేదు. అయినా ఏమయ్యారు?” అని నవ్వి, గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. “అక్కలు వచ్చే వేళయింది. నువ్వు కోసుకో. నాకు చూడక్కర్లేదు, చప్పుడు లెక్కపెట్టుకుంటాను.”

సౌమ్యవర్మ కత్తి ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఎక్కడ మొదలుపెట్టినా ఒకటేగా అనుకుని సరిగ్గా మధ్యలో, ఆరో బెత్తె దగ్గర మొదలుపెట్టాడు.

టక్.

“ఒకటి” అన్నాడు మాంత్రికుడు.

పాదాల్లోంచి చలి పైకి పాకింది. మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. కాలివేళ్ళు కదపబోయాడు. కాలివేళ్ళు లేవు, ఉన్నట్టు తెలియడం లేదు. ఇంకా నాలుగు. ఈ చలి ఇంకా నాలుగుసార్లు రావాలి. వాడు పారిపోవాలనుకున్నాడు, కాళ్ళు లేవని గుర్తొచ్చింది.

ధైర్యవంతుడైతే రెండో కోత కోసేసేవాడు. వీడు పిరికివాడు కదా, కోయలేకపోయాడు. కోయకుండా ఉండడానికి ఏదో ఒక వంక కావాలి. రెండు సగాలూ సమానంగా తెగాయో లేదోనని కొత్త భయం పట్టుకుంది. ఒక వేలెడు తేడా వచ్చినా అక్కలు ఊదేస్తారు కదా. సరిచూద్దామని ఒక సగాన్ని తీసి రెండో సగం మీద పెట్టాడు. అంచుకి అంచు సరిపోయింది. హమ్మయ్య అనుకుని పైదాన్ని తీసి కింద పెట్టబోయాడు.

చెయ్యి ఆగిపోయింది.

రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైసగంలో మూడో బెత్తె దగ్గర కోస్తే కత్తి కిందసగంలో కూడా దిగుతుంది. ఒక చప్పుడుకి రెండు కోతలు. నాలుగో బెత్తె దగ్గర ఇంకొకటి కోస్తే, అది కూడా రెండింటికీ. వకుళ గీసిన గీత కళ్ళ ముందుకి వచ్చింది. ఆ గీతలో మధ్యకి అటూ ఇటూ ఒకటే. మూడు బెత్తెల ముక్క, ఒక బెత్తె ముక్క, రెండు బెత్తెల ముక్క. అవే రెండేసి.

వాడు వకుళ వైపు చూశాడు. ఆమె ఒక చేత్తో నోరు మూసుకుంది.

టక్. “రెండు” అన్నాడు మాంత్రికుడు. చలి నడుము దాకా వచ్చింది.

టక్. “మూడు” అన్నాడు మాంత్రికుడు. చలి రొమ్ము దాకా వచ్చి ఆగింది. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు కదలడం లేదు. భుజాల పైనుంచి కొంచెం కొంచెంగా గాలి లోపలికి పోతోంది, అంతే. కానీ రెండు చేతులూ వెచ్చగా ఉన్నాయి.

వాడు కత్తి కింద పెట్టాడు.

వడ్డించేదాకా వంట మీద ఎవరి కళ్ళూ పడకూడదని వకుళ వాళ్ళ ఊళ్ళో ఆచారం. దిష్టి తగులుతుందని. వకుళ గబగబా వచ్చి రొట్టె మీద అరిటాకు కప్పేసింది. అంతలోనే మాంత్రికుడు వెనక్కి తిరిగాడు. నాలుగో చప్పుడు కోసం చూసి చూసి విసుగొచ్చింది వాడికి.

“మూడేనా? మిగతావి?”

“నా... నావల్ల కాదు స్వామీ” అన్నాడు సౌమ్యవర్మ. గొంతు నిజంగానే ఒణికింది, వాడు ఒణికించనక్కర్లేకపోయింది.

అప్పుడే ఇంటి పైకప్పు కిర్రుమంది. అక్కలు వచ్చారు. ముగ్గురూ వంగి లోపలికి దూరారు. ఒకామెకి పళ్ళు బయటికి ఉన్నాయి, ఒకామెకి కళ్ళు లేవు, ముక్కు మాత్రం ఉంది. మూడో ఆమె అందంగా ఉంది, ఆమెని చూస్తేనే ఎక్కువ భయం వేసింది. ముగ్గురూ బల్ల మీద పరిచిన అరిటాకుల ముందు కూర్చున్నారు. రెండేళ్ళుగా ఇక్కడ కడుపు నిండని ఆకలి వాళ్ళ పొట్టల్లో ఉరుముతోంది.

సౌమ్యవర్మ గుమ్మం మీద ఎత్తుగా వేలాడే పంజరం వైపు చూశాడు. లోపల పచ్చగా ఏదో కదిలింది. చిలక రాకపోతే తన ఊరు బతుకుతుంది, తను మాత్రం రొమ్ము దాకా రాయై ఇక్కడే ఉండిపోతాడు, అన్నల మధ్య. రావాలి, అది రావాలి. రమ్మంటే మాంత్రికుడు పంపడు.

“స్వామీ” అన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. “మూడే కోతలు స్వామీ. మీ అక్కలు ముగ్గురే వచ్చారుగా. మీ కాళ్ళు పట్టుకుంటాను, వంగలేను గానీ పట్టుకున్నట్టే అనుకోండి. చిలకని మాత్రం పిలవకండి.”

మాంత్రికుడు వాడి ముఖంలోకి చూశాడు. మూడు చప్పుళ్ళు తను చెవులారా విన్నాడు. మూడు కోతలతో ముగ్గురికీ నలుగురికీ సరిపెట్టడం ఎవరి తరమూ కాదు. చిలక వద్దని ఏడుస్తున్నాడంటే ముగ్గురికే కోశాడన్నమాట. అందులో వీడు పిరికివాడు, పిరికివాడి ఏడుపులో అబద్ధం ఎక్కడుంటుంది?

“అక్కయ్యలూ, మా చిలక మీతో భోంచేసి ఏడాదైంది కదా” అన్నాడు ధూమజటుడు.

“పిలు తమ్ముడూ, పిలు” అంది అందమైన అక్క, సౌమ్యవర్మనే చూస్తూ. పెదవులు తడుపుకుంది.

పంజరం తలుపు తెరుచుకుంది. చిలక రివ్వున దిగి నాలుగో ఆకు ముందు కూర్చుంది. సౌమ్యవర్మ నిలబడిన చోటికి మూరెడు దూరం.

వకుళ ఆకు తీసింది. ఆరు ముక్కలు. మాంత్రికుడి కనుబొమలు ముడిపడ్డాయి.

సౌమ్యవర్మ మూడు బెత్తెల ముక్క పెద్దక్కకి వేశాడు. మూడు బెత్తెల ముక్క రెండో అక్కకి వేశాడు. రెండు బెత్తెల ముక్కా ఒక బెత్తె ముక్కా మూడో అక్కకి వేశాడు. చివరి రెండూ చిలక ముందు పెట్టాడు. అక్కలు అరచేతుల్లో తూచి చూశారు, వాసన చూశారు, పక్కవాళ్ళ ఆకుల్లోకి చూశారు. సమానంగానే ఉంది. ముక్క మిగల్లేదు. పళ్ళక్క కొంచెం నిరాశగా నమలడం మొదలుపెట్టింది.

“ఎలా?” అన్నాడు ధూమజటుడు. “మూడు చప్పుళ్ళు, ఆరు ముక్కలు ఎలా?” అంటూ వాడి చూపు సౌమ్యవర్మ చేతుల మీద పడింది. ఆ చేతులకి రాయి పట్టలేదు. ఇన్నేళ్ళలో రొట్టె సరిగ్గా కోసిన వాళ్ళెవరికీ చేతులు మిగల్లేదు. “చిలకా, లే!” అని అరిచాడు.

బెల్లం తీపికి చిలక ఇంకో ముక్క పొడిచింది. అప్పటికే సౌమ్యవర్మ రెండు చేతులూ దాని మీద మూసుకున్నాయి.

మాంత్రికుడు నేల మీద కూలబడ్డాడు. అక్కలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కడుపు నిండింది, పంపకంలో తప్పు లేదు, ఒప్పందం ప్రకారం వడ్డించినవాడి మీద ఊదే హక్కు వాళ్ళకి లేదు. “మేము చెప్పాం కదా తమ్ముడూ, ప్రాణాన్ని పంక్తిలో కూర్చోబెట్టకని” అని గొణిగి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

చిలక గుండె సౌమ్యవర్మ అరచేతుల్లో టపటపా కొట్టుకుంటోంది. అది కూడా భయపడుతోంది. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

“అందరినీ మనుషుల్ని చెయ్యి” అన్నాడు మాంత్రికుడితో.

ధూమజటుడు కమండలం నీళ్ళు చల్లాడు. వాకిలి నిండా ఊపిరులు వినబడ్డాయి. సౌమ్యవర్మ రొమ్ము కదిలింది, మోకాళ్ళు వంగాయి, వాడు పడిపోబోతే వకుళ పట్టుకుంది. ప్రచండవర్మ పెదవుల మీది నాచు ఉమ్మేసి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. విషయం విన్నాడు. “ఇంకా చూస్తావేంరా, దాని మెడ విరిచెయ్యి” అన్నాడు.

“వద్దన్నయ్యా” అన్నాడు సౌమ్యవర్మ. “మూడు చాలు. ఇంకొక్కటి కూడా నా వల్ల కాదు.”

కత్తిని మాంత్రికుడి చేతే సముద్రంలో పారేయించాడు. చిలకని పంజరంతో సహా తీసుకుని, వకుళని, అన్నల్ని, వాకిట్లో జనాన్ని తాబేలు మీద విడతలు విడతలుగా దాటించాడు. తాబేలు చాలా సణిగింది గానీ మోసింది.

పొన్నకోటలో సౌమ్యవర్మకీ వకుళకీ పెళ్ళి జరిగింది. ప్రచండవర్మే తండ్రి ముందుకొచ్చి, సింహాసనం తమ్ముడికివ్వమన్నాడు. పెళ్ళి విందులో వకుళ తన చేత్తో పన్నెండు బెత్తెల సజ్జరొట్టె కాల్చింది. మామూలు వంటింటి కత్తి తెచ్చి కోయబోయింది. సౌమ్యవర్మ రొట్టె చూడలేదు. కత్తి దిగిన ప్రతిసారీ వంగి ఆమె పాదాల వైపే చూశాడు.

“పాదాలున్నాయండీ” అంది వకుళ. “రొట్టె చూడండి, చల్లారిపోతోంది.”

వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు ఏలారు. రాజుకి భయం మాత్రం పోలేదు. ఎవరికైనా శిక్ష వేయాల్సి వస్తే, యుద్ధానికి ఎవరైనా సైన్యం కావాలంటే, కొత్త పన్ను వేద్దామంటే, ఆయన ముందు తన పాదాల వైపు చూసుకునేవాడు. “ఇందులో ఒక్క కోత తగ్గించలేమా?” అని అడిగేవాడు. తగ్గించేదాకా అందరినీ కూర్చోబెట్టేవాడు. ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడు ఆ రాజు ఆరోగ్యం ఎలా ఉందో, ఇంట్లో పిల్లి ఏమైనా పెంచుతున్నారేమోనని రోజూ బెంగపడేవాడు. ఏటేటా తాబేలు మీద గంపెడు దోరజామకాయలు పంపేవాడు, చిలక కోసం. రాజు వాటిని కోయించేవాడు కాదు. దానికి కాయ కాయగానే పెట్టించేవాడు.